చూచువాని ధర్మము

మనుష్యుడు తాను చేయు పనులయందు ధర్మాధర్మములను విచారించును గాని, తాను చూచు చూపునందు విచారించుట యరుదు. కొట్టుట తప్పు, దొంగిలించుట తప్పు, అసత్యమాడుట తప్పు. ఊరక చూచుటయందు తప్పేమున్నదని యెల్లరును తలతురు. చూచినంత మాత్రమున వస్తువు తరుగదు, అరుగదు, మాయదు. కావున చూచుటకు ప్రతివానికిని హక్కు గలదనియు, రుసుము చెల్లించినవాని కా హక్కు రెట్టింపగుననియు లోకుల నమ్మకము. నేనును చిరకాల మట్లే నమ్మియుంటిని. ఆ నమ్మకమును కదల్చినది గ్రంథము గాదు. ఒక ముసలమ్మ యాడిన మాట.

కడచిన శీతకాలమున మేము పూరీ యాత్ర చేసితిమి. నా భార్యయు, పదేండ్ల కుమార్తెయు, మా యింటనే యుండు మేనత్తయు నాతో నుండిరి. మేనత్తకు ఎనుబదేండ్లు దాటినవి. చిన్నతనముననే వైధవ్యము ప్రాప్తించినది మొదలు ఆమె మా తండ్రిగారి యింటను, పిమ్మట మా యింటను కాలము గడపుచున్నది. మేము గుడికి పోవునప్పటికి స్వామికి నైవేద్యవేళ యయ్యెను, తలుపులు మూసిరి. ఎంతసేపు నిలుచుండుటయని నేను విసిగికొనగా మేనత్త నన్ను మందలించి, "ఏమిరా, తినువారి మొగము చూచుచు నిలుచుండుట మర్యాదయా? ఆయన ఆరగించిన పిమ్మటనే చూతము. మనకేమి తొందర?" అనెను. తినువారిని చూచిన దిష్టి తగులునను మాటను నేను నమ్మువాడను గాను. విగ్రహము భుజించుననియు నమ్మువాడను గాను. కనుక నవ్వి యూరకుంటిని.

మరునాడు సాతపాడకు పోయితిమి. అది చిలికా సరస్సు నొడ్డున నున్న గ్రామము. అచ్చట ఇరావడీ డాల్ఫిన్లను చూపుటకై మోటారు పడవలు సిద్ధముగ నుండును. ఈ డాల్ఫిన్లకు బొమ్మలలో మనము చూచునట్టి పొడుగైన ముట్టె యుండదు. తల గుండ్రన, వీపుమీది రెక్క మిక్కిలి చిన్నది. కొంతదూరము పోయిన పిమ్మట నీటిపై బూడిదవన్నె వీపులు రెండు మూడు తోచెను. వానిలో నొకదాని ప్రక్కన పిల్ల యుండెను. మా పడవవాడు చుక్కాని త్రిప్పెను. ఆ క్షణముననే నలుదెసలనుండి మరి యైదారు పడవలు అచ్చటికే పరుగెత్తెను. యంత్రముల చప్పుడు, పొగ, జనుల కేకలు, ఎత్తిపట్టిన సెల్‌ఫోనులు! వీపులు మునిగెను. మరల నల్లంత దూరమున తేలెను. పడవలును మరల నటే పోయెను. ఇట్లు నాలుగైదు మారులు జరిగెను. నా కుమార్తె చప్పట్లు చరచుచుండెను. నేనును ఫొటోకై తొందరపడుచుంటిని. అప్పుడు మేనత్త పడవవానిని, "నాయనా, అవి యిప్పు డేమి చేయుచున్నవి?" అని యడిగెను. కొంచెము తెలుగు తెలిసిన యతడు, "చేపలు పట్టి తినుచున్నవమ్మా. ఇది వాటి మేతవేళ" అనెను. ఆమె నావంక తిరిగి, "నిన్న తలుపు మూసిరి గదరా!" అని మాత్ర మనెను.

ఆ మాటకు బదులు చెప్పుటకు నాకు నోరాడలేదు. కొయ్య విగ్రహమునకు భోజనవేళ తలుపు మూయుట మర్యాదయని యెరిగిన మనము, నిజముగ నాకలిగొని నిజముగ తినుచున్న ప్రాణికి తలుపు లేదుగదాయని చుట్టుముట్టితిమి. పడవవానిని నేను తప్పుపట్టను. దగ్గరకు పోనిచో బాబులు సొమ్ము తిరిగి యిమ్మందురని యతడు చెప్పెను, అది నిజమే. తరిమినది యతని చేయి. తరిమించినది మా కన్ను.

ఇంటికి వచ్చిన పిమ్మట ఈ జంతువులనుగూర్చి చదువ మొదలిడితిని. ఆశ్చర్యకరమైన సంగతి యొకటి తెలిసెను. 1852లో మన విశాఖపట్టణపు రేవున దొరికిన యొక జంతువునుబట్టియే రిచర్డు ఓవెన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1866లో ఈ ఇరావడీ జాతిని మొదట వర్ణించెను. అనగా శాస్త్రలోకమునకు దీని పరిచయము మన తీరముననే, అదియు దాని కళేబరమువలననే కలిగినది. బ్రదికియున్న డాల్ఫిన్లు తమలో తా మెట్లు మెలగునో, వాని కాపుర మెట్టిదో తెలిసికొనగోరి మరికొంత చదువగా, వాని దూరపు చుట్టమైన యొక ప్రాణి వృత్తాంతము నా మనస్సును పట్టుకొనెను. అది ఓర్కా. తిమింగిలమని జనులు పిలుతురు గాని నిజమునకు డాల్ఫిన్ల కుటుంబమున నెల్ల పెద్దది యిదియే.

ఉత్తర అమెరికా పడమటి తీరమున, కెనడాకును వాషింగ్టను రాష్ట్రమునకును నడుమ సేలిష్ సముద్రమను లోసముద్రము కలదు. 1970 తరువాతి సంవత్సరములలో మైకేల్ బిగ్ అను కెనడా శాస్త్రజ్ఞుడు అచ్చటి ఓర్కాల ఫొటోలు తీసి, వీపురెక్కమీది గంట్లనుబట్టియు, దాని వెనుకనున్న తెల్లని మచ్చనుబట్టియు ఒక్కొక్కదానిని వేరువేరుగ గుర్తింపవచ్చునని చూపెను. అప్పటినుండి యచ్చటి ప్రతి ఓర్కాకును గుర్తుపేరు గలదు. తల్లి యెవరో, అమ్మమ్మ యెవరో వ్రాసియుంచిన వంశవృక్షము గలదు. ఈ జాబితానుబట్టి తేలినదేమన, దక్షిణ నివాసులని పిలువబడు ఆ తెగలో కొడుకులు గాని, కుమార్తెలు గాని జీవితాంతమువరకు తల్లిని విడువరు. కుటుంబము తల్లి పేరనే నడచును. మగవి యితర కుటుంబముల యాడువానితో జతకట్టి మరల తల్లియొద్దకే వచ్చును. ఒక్కొక్క గుంపునకు ప్రత్యేకమైన పిలుపులు గలవు. పిల్లలు పెద్దలవలన వానిని నేర్చుకొనును. పట్టిన చేపను ఒంటరిగ తినక తరచుగ తనవారితో పంచుకొనును.

వీనిలో ముసలి యాడువాని స్థానము మరింత విశేషము. ఆడు ఓర్కా సుమారు నలువది యేండ్లకు కనుట మానును గాని, ఆ పిమ్మట అనేక సంవత్సరములు జీవింపగలదు. ప్రకృతిలో నిట్టి జంతువులు మిక్కిలి యరుదు. చేపలు తక్కువైన సంవత్సరములలో గుంపునకు ముందు నడచునది తరచుగ నీ వృద్ధులే యని 2015లో శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. ముప్పదేండ్లు దాటిన కొడుకు సైతము తల్లి చచ్చిన మరుసంవత్సరమున చచ్చుటకు తల్లి యున్నవానికంటె పదునాలుగు రెట్లు అవకాశ మెక్కువయని 2012లో లెక్కించిరి. అమ్మమ్మ పోయిన మనుమల కపాయ మధికమని 2019లో కనుగొనిరి.

చదువరులారా, ఇది వినగానే మీకు తోచునది నాకును తోచినది. "చూచితిరా! జంతువులు సైతము ముసలితల్లిని ముందుంచుకొని నడచుచుండగా, మనము వితంతువును, వృద్ధురాలిని మూలగదిలోనికి నెట్టుచున్నారము గదా!" యని యుపన్యాసము చేయవలెనని నా నాలుక యుబలాటపడెను. కాని నిదానించి చూడగా నీ యుపన్యాసమున రెండు దోషములు కనబడెను.

మొదటిది: జంతువుల నడవడి మనకు ధర్మశాస్త్రము కానేరదు. అదే సేలిష్ సముద్రమున మరియొక తెగ ఓర్కాలు తిరుగుచుండును. అవి చేపల జోలికి పోక సీళ్లను, సముద్రసింహములను వేటాడి తినును. వానికిని తల్లిపిల్లల ప్రేమ గాఢమే. అవియును ఆహారమును పంచుకొనును. కాని యవి తమ పిల్లలకు పంచిపెట్టునది తరచుగ వేరొక తల్లి పిల్లనే. చేపలు తినువానిని చూచి మాతృభక్తి నేర్చుకొనుడన్నవాడు, సీళ్లను తినువానిని చూచి యేమి నేర్చుకొనుమనును? తనవారియెడ ప్రేమయు, పరులయెడ క్రౌర్యమును ఒక యింటనే కాపురముండవచ్చునని యవి చూపుచున్నవి. అది నేర్చుకొనుటకు మనము సముద్రమువరకు పోనక్కరలేదు. నచ్చినదానిని నీతియని యేరుకొని, నచ్చనిదానిని పశుత్వమని త్రోసివేయునప్పుడు ఏరుచున్నది మన వివేకమే గాని జంతువు కాదు.

రెండవ దోషము మొదటిదానికంటె పెద్దది. వృద్ధ ఓర్కా చేపలత్రోవ చూపుచున్నది గనుక గౌరవింపదగినదన్నచో, ఏ త్రోవయు చూపలేని వృద్ధురాలి మాట యేమి? మా మేనత్త పొయ్యి ముట్టి పదేండ్లయినది. మోకాళ్లు వంగవు, రాత్రులు నిదుర పట్టదు, చెప్పినమాటయే మరల చెప్పును. లాభనష్టముల చిట్టా వ్రాసినచో ఆమె పేరు ఖర్చుల వైపుననే యుండును. అయినను ఆమె మా యింటి పెద్ద. ఉపయోగమునుబట్టి గౌరవమిచ్చు ధర్మము, ఉపయోగము తీరిన నాడు గౌరవమును లాగికొనును. వితంతువులకు మనసంఘము చేసిన యన్యాయమునకు మూలమిదియే: వారికి తమంతట తాము విలువ లేదనియు, మగనికి భార్యగనో, బిడ్డలకు తల్లిగనో, వంటకు చేయిగనో మాత్రమే విలువ యనియు తలచుట. ఆ తప్పును దిద్దుటకు అదే కొలతబద్దను మరల చేతబట్టుట తెలివిగాదు.

ఓర్కాకును ఈ న్యాయమే చెల్లును. అది మనకు వినోదము గూర్చుచున్నదనియో, నీతి బోధించుచున్నదనియో ప్రేమించినచో, ఆ ప్రేమ మన యవసరమునకు కట్టుబడిన ప్రేమ. అట్టి ప్రేమ యెంతపని చేయగలదో ఆ సముద్రపు చరిత్రయే చెప్పుచున్నది. పూర్వము బెస్తలు ఓర్కాలను చేపలకు శత్రువులని తుపాకులతో కాల్చుచుండిరి. 1965 ప్రాంతమున ఒకటి రెండింటిని పట్టి ప్రదర్శింపగా, అవి క్రూరములు గావనియు, తెలివియు చెలిమియు గలవనియు జనులకు తెలిసి ప్రేమ పుట్టెను. ప్రేమ పుట్టగానే దగ్గర చూడవలెనను కోరిక పుట్టెను. కోరిక పుట్టగానే వ్యాపారము పుట్టెను. 1970 ఆగష్టు నెలలో పెన్ కోవ్ అను చిన్న అఖాతములోనికి ఎనుబదికి పైగా ఓర్కాలను పడవలతోను, నీటిలో ప్రేలు మందుగుండుతోను తరిమి వలలు కట్టిరి. పిల్లలను తల్లులనుండి వేరుచేసి యేడింటిని ప్రదర్శనశాలలకు పంపిరి. వలలలో చిక్కి కొన్ని పిల్లలు ఊపిరాడక చచ్చెను. ఆ సంగతి బయటపడకుండుటకై కళేబరముల కడుపులు చీల్చి రాళ్లు నింపి ముంచిరి. పట్టువడిన పిల్లలలో టోకిటే అనునది యొకటి. అప్పటికి దానికి నాలుగేండ్లుండవచ్చును. అది మయామి నగరమున నొక తొట్టిలో ఏబదేండ్లకు పైగా నుండి 2023 ఆగష్టులో చచ్చెను. తొట్టి చుట్టును కూర్చుండి చప్పట్లు చరచిన లక్షలాది జనులలో దానిని ద్వేషించినవా డొక్కడును లేడు. అందరును ప్రేమించినవారే!

1976లో వాషింగ్టను ప్రభుత్వము న్యాయస్థానమున కెక్కగా ఆ రాష్ట్రపు నీటిలో నీ వేట ముగిసెను. కాని యప్పటికి ఆ చిన్న తెగనుండి నలువదికి పైగా ఓర్కాలు పట్టువడియో, చచ్చియో తగ్గిపోయెను. వానిలో పెక్కు పిల్లలే. ఆ లోటు నేటికిని తీరలేదు. 2005లో అమెరికా ప్రభుత్వము ఈ తెగను అంతరించు ప్రమాదమున నున్నదిగ ప్రకటించెను. ఇటీవలి లెక్కలలో అవి డెబ్బదియైదింటికి లోపుగనే యున్నవి.

2018 జూలై 24వ తేదీన ఈ తెగలో జె35 అను గుర్తుపేరు గల తల్లికి పిల్ల పుట్టి యర్ధగంటకు చచ్చెను. తల్లి దానిని విడువలేదు. మునిగిపోవుచున్న కళేబరమును తలతో నెత్తుచు, జారిన మరల మునిగి తెచ్చుకొనుచు 17 దినములు, సుమారు 1,000 మైళ్లు మోసెను. ఆ ఫొటోలు ప్రపంచమంతట పత్రికలలో వెలువడెను. 2020లో దానికి మరియొక పిల్ల పుట్టి దక్కెను. 2024 డిశంబరులో పుట్టినది దక్కలేదు; దానిని సైతము తల్లి యట్లే మోయుట 2025 జనవరిలో జనులు చూచిరి.

అది దుఃఖమా, మరియేదైన సహజ ప్రేరణమా యని పండితులు తర్కింపవచ్చును. నాకా తర్కముతో పనిలేదు. దుఃఖమో కాదో తెలియనప్పుడు దుఃఖమేయని మర్యాద చూపుట వలన నష్టపడువా డెవడు? మనలో చావు కలిగిన యింటికి పోయినవారు కొంతసేపు మౌనముగ కూర్చుందురు. లేచునప్పుడు 'పోయి వచ్చెదము' అనరు. ఆ యింటివారి యేడుపు మొగములను చూచుటకు కిటికీలయొద్ద మూగరు. మూగినవానిని సంఘము నిందించును. అతడు కొట్టలేదు, తిట్టలేదు, దొంగిలింపలేదు, చూచెను, అంతియే. కాబట్టి చూచుటయందును తప్పు గలదని మన సంప్రదాయ మెరుగును. ఎవరియెడల నా మర్యాద చూపవలెనను విషయమున మాత్రమే మన హృదయము చిన్నది.

ఓర్కాల విషయమున ఈ తప్పు మర్యాదాలోపము మాత్రమే గాదు, ప్రత్యక్షహాని. ఈ ప్రాణి చీకటి నీటిలో కన్నుతోకంటె చెవితో నెక్కువగ చూచును. చిన్న చిన్న చప్పుళ్లు చేసి, అవి చేపను తాకి మరలివచ్చుటను విని దాని జాడ పట్టును. పడవయంత్రపు రొద యా ప్రతిధ్వనిని కప్పివేయును. చీకటిలో దీపము పట్టుకొని వెదకువాని కన్నులలో మనము దుమ్ము చల్లినట్లే. పడవలు నాలుగువందల గజములకంటె దగ్గరకు వచ్చినప్పుడు ఆడు ఓర్కాలు వేట మానుట యెక్కువయని 2021లో పరిశోధకులు వెల్లడించిరి. పిల్లకు పాలియ్యవలసిన తల్లి పస్తుండుచున్నది. ఆ తల్లిని చూచి 'ఆహా, యెంత ప్రేమ!' యని మనము పడవమీద ముచ్చటపడుచున్నాము.

ఇచ్చట కొందరు న్యాయమైన యాక్షేపణలు చేయుదురు. ఓర్కాలు తగ్గుటకు ముఖ్యకారణము వాని ముఖ్యాహారమైన చినూక్ సాల్మన్ చేపలు తగ్గుటయు, నీటిలో కలిసిన విషపదార్థములును గదా, చూడవచ్చిన పడవలనేల నిందింపవలెనని యొక యాక్షేపణ. నిజమే, పెద్ద కారణములు పెద్దవే. నదుల కడ్డుకట్టిన యానకట్టలను, నలుబది యేండ్ల క్రిందట వదలిన విషములను నేడు మనమొక దినమున తొలగింపలేము. యంత్రము నాపుట మాత్రము ఈ నిముసమున చేయవచ్చును. పెద్ద తప్పు పరులదని చెప్పి చేతిలోని చిన్న తప్పును విడువనివాడు, పెద్ద తప్పును గూర్చి పలుకుట యెందులకు?

చూడనిచో ప్రేమ యెట్లు పుట్టును, ప్రేమ లేనిచో రక్షణ యెట్లు కలుగునని రెండవ యాక్షేపణ. ఇది బలమైనది. వేట నాపించినది జనులలో పుట్టిన జాలియే. ఆ జాలి పుట్టుటకు చూపే కారణము. పడవవాని బ్రతుకుతెరువును గూడ మరువరాదు. చిలికాలో నా పడవ నడపినవానికి ఇంట పిల్లలున్నారు. కనుక చూడవలదని నే ననను. కాని ప్రేమ చూపుతో మొదలగునుగాక, చూపుతోనే ముగియరాదు. ప్రేమించినపిమ్మట మొదట చేయవలసినది యొక యడుగు వెనుకకు వేయుట.

దీనిని శాసనముగ మార్చినవారును గలరు. వాషింగ్టను రాష్ట్రము 2023లో చట్టము చేసి, 2025 జనవరి 1వ తేదీనుండి ఈ దక్షిణ నివాసులకు వేయి గజములలోపున పడవలు పోరాదని విధించెను. వేయి గజములనగా అరమైలుకంటె కొంచె మెక్కువ. అంతదూరమునుండి వీపురెక్క యొక నల్లని గీతగ మాత్రమే కనబడును. అదే తీరమున శాన్ వాన్ ద్వీపమునందు లైమ్ కిల్న్ అను ఉద్యానము గలదు. అచ్చట జనులు ఒడ్డున రాళ్లపై కూర్చుండి సముద్రమువంక చూచుచు నుందురు. ఓర్కాలు వచ్చిన చూతురు. రాకున్న లేచి యింటికి పోవుదురు. తరుముట లేదు, యంత్రము లేదు. వచ్చుటయు రాకుండుటయు వాని యిష్టము. చూపునకును దర్శనమునకును భేదమిదియే యని నాకు తోచుచున్నది. చూపు మనము తీసికొనునది. దర్శనము వా రిచ్చునది.

మన యింటి సంగతియు నింతియే. వృద్ధులను, వితంతువులను, సేవకులను, పిల్లలను మన పనికి వచ్చుటనుబట్టి చూచుటకు మనము చిన్ననాటనే యలవాటుపడితిమి. ఆ కన్నుతోనే సముద్రమునకు పోయితిమి. అచ్చటను అదే చూచితిమి. ఎదుటిప్రాణికి మనకొరకు గాక తనకొరకు ఒక జీవితము గలదనియు, దానికి ఆకలివేళయు దుఃఖవేళయు గలవనియు, ఆ వేళలలో తలుపు మూసికొనుట దాని హక్కనియు తలచుటయే చూచువాని ధర్మము. దానికి తలుపు లేనిచో మనమే తలుపు కావలెను.

వచ్చు శీతకాలమున మరల చిలికాకు పోవుదమని నా కుమార్తె యడుగుచున్నది. పోవుదము. పడవవానికి పూర్తి రుసుము ముందుగనే చెల్లించి, డాల్ఫిన్లు కనబడకున్న నొక కాసైన తిరిగి యడుగమని చెప్పి, దూరముననే యంత్రము నాపుమందును. మేనత్తను గూడ తీసికొని పోవుదము. ఆమె వలన మాకేమియు నుపయోగము లేదు, ఆమె రావలెను, అంతియే. వీపులు తేలిన చూతము. తేలకున్న కొంతసేపు నీటిని చూచి తిరిగి వత్తము.